స్టార్ట్ కాలేదని రుజువేది?

ఈ దేశంలో ప్రతి పౌరుడికీ ఫిర్యాదు చేసుకునే హక్కు ఉంది. అయితే ప్రతి ఫిర్యాదుకూ ఒక బాధ్యత ఉంది. అది కౌంటరు ముందు హాజరై, అధికారి కళ్లారా చూస్తుండగా, తాను నిజమేనని నిరూపించుకోవాలి. డాక్టరు ముందు తగ్గిపోయిన పంటి నొప్పి నొప్పి కాదు. బిల్లు కలెక్టరు వచ్చినప్పుడు నీళ్లు పోసిన నల్లా ఎండిపోయిన నల్లా కాదు. ఈ చిన్న సూత్రం తెలియక మన జిల్లాలో ఎందరో అనవసరంగా కష్టాలు పడుతున్నారు. వాళ్లలో ఇంద్రేశం పోచయ్య ఒకడు.

నా పేరు లింగం. సంగారెడ్డి కలెక్టరేట్ గేటు ఎదుట రేకు బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లుగా దరఖాస్తులు రాస్తున్నాను. పాసుబుక్కు పోయినా, పింఛను ఆగినా, బతికున్న మనిషిని చనిపోయాడని రాసినా, చనిపోయిన మనిషిని బతికే ఉన్నాడని రాసినా (మొదటి రకానికి పింఛను పోతుంది, రెండో రకానికి ఓటు ఉంటుంది) జనం నా దగ్గరికే వస్తారు. 'కావున తాము దయతలచి' అనే ముక్కను నా అంత ఎక్కువగా రాసినవాడు ఈ జిల్లాలో లేడు. ఎంతమంది దయతలచారన్నది వేరే సంగతి, దానికి నా దగ్గర రిజిస్టరు లేదు.

రెండువేల ఏడో సంవత్సరం వానకాలంలో ఒకరోజు పోచయ్య వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. తలకు తువ్వాల, కాళ్లకు బురద, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"సారూ, ఒక దరఖాస్తు రాయాలె. నా కారు స్టార్ట్ అయితలేదు."

"కారు స్టార్ట్ కాకపోతే మెకానిక్ దగ్గరికి పోవాలె గని నా దగ్గరికి ఎందుకొచ్చినవ్?"

"మెకానిక్ కాడికి పోతే స్టార్ట్ అయితుంది సారూ. గందుకే నీ కాడికొచ్చిన."

ఇరవై రెండేళ్లలో ఇలాంటి కేసు నాకు తగలలేదు. నేను పెన్ను మూత తీశాను.

పోచయ్య కథ చిన్నదే. ఊరి పక్కన అతనికి మూడెకరాల చెలక ఉండేది. జొన్నలు, కందులు పండేవి. ఇప్పుడక్కడ తెల్లరాళ్లు పండుతున్నాయి. 'గ్రీన్ ప్యారడైజ్ ఫేజ్ టూ' అని బోర్డు పెట్టారు (ఫేజ్ వన్ ఎక్కడుందో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు). భూమి అమ్మిన డబ్బుతో అతను ఇల్లు కట్టి, ఒక తెల్లకారు కొన్నాడు. షోకుకు కొనలేదు. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి దాన్ని కిరాయికి పెట్టాడు. రోజూ రామచంద్రాపురం పోయి, నలుగురు ఆఫీసర్లను ఎక్కించుకుని, పొద్దున ఏడింటికల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపాలి. చెలక పోయాక ఆ ఇంటికి తిండి పెట్టేది ఆ కారొక్కటే. అందులో ఒక షరతు ఉంది. మూడుసార్లు ఆలస్యమైతే కాంట్రాక్టు పోతుంది. అప్పటికే రెండు ఆలస్యాలు పడ్డాయి.

"ఇంకొక్కటే ఉన్నది సారూ," అన్నాడు పోచయ్య. "అది గూడ పడ్డదా, ఇగ నేను రోడ్డు మీద పడ్డట్టే. దున్నుదామంటే భూమి లేకపాయె."

ఆ కారు గురించి కొంత చెప్పాలి. దాని తాళంచెవి మన దర్వాజ తాళంచెవి లాంటిది కాదు. నల్లటి తలకాయ, దాని మీద మూడు బొత్తాలు. ఒకటి నొక్కితే తలుపులు మూసుకుంటాయి, ఒకటి నొక్కితే తెరుచుకుంటాయి, మూడోది నొక్కితే వాడకట్టంతా లేచి కూర్చుంటుంది. ఆ తలకాయ లోపల గోరంత చిప్పు ఉంటుందనీ, చెవి తిప్పగానే కారు ఆ చిప్పును గుర్తుపట్టి, వచ్చినవాడు యజమానే అని నమ్మితేనే ఇంజను లేస్తుందనీ కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది. నమ్మకపోతే మీటర్ల దగ్గర ఎర్రటి తాళంచెవి బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. అంటే కారు తన యజమానిని దొంగ అనుకుంటున్నదన్నమాట. (భూమి రిజిస్ట్రేషన్ రోజున ఆఫీసులో కూడా పోచయ్యను ఇలాగే చూశారు. అక్కడ లైటు వెలగలేదు, అంతే తేడా.)

రోజూ ఇలా జరిగితే బాధ లేకపోయేది. ఎప్పుడో ఒకప్పుడు జరిగేది. సోమవారం లేచేది, మంగళవారం లేచేది, బుధవారం పొద్దున అయిదింటికి మొండికేసేది. పావుగంట తంటాలు పడ్డాక దానంతట అదే లేచేది. అప్పుడప్పుడు వచ్చే రోగానికి ఊరంతా వైద్యులే. ఒకడు నిమ్మకాయ కట్టమన్నాడు, కట్టిన రెండో నిమిషంలో లేచింది. ఒకడు దిష్టి గుమ్మడికాయ కొట్టమన్నాడు, కొట్టగానే లేచింది. ట్రాక్టరు నడిపే యాదన్న మాత్రం "దిగి, తలుపులన్నీ వేసి, దాని చుట్టూ ఒక్కపారి తిరిగి, కుడికాలు పెట్టి ఎక్కు" అన్నాడు. అదీ పనిచేసింది. ఇంద్రేశంలో ఇప్పుడు ఆ కారును బాగుచేయడం తమకు వచ్చునని ప్రమాణం చేసి చెప్పగలిగినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. ఎనిమిది మంది కలిసి తోసి కూడా చూశారు. తోస్తే లేచే జాతి కాదది. దానికి బలం అక్కరలేదు, గుర్తింపు కావాలి.

అన్ని ప్రయత్నాలూ అయ్యాక పోచయ్య నన్ను వెంటబెట్టుకుని హైవే మీద ఉన్న సర్వీస్ సెంటర్‌కు పోయాడు. అద్దాల మేడ. లోపల చల్లగా ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నిబంధన ప్రకారం మొదట తాళంచెవులు అడిగాడు. కారుకు రెండు చెవులుంటే రెండూ ఇవ్వాలి. ఒకటి మెకానిక్‌కు, రెండోది గేటు దగ్గరి ఇనుప పెట్టెలోకి. (కస్టమరు బిల్లు కట్టకుండా దొడ్డిదారిన కారు తీసుకుని పోకుండా ఈ ఏర్పాటు. ఇంతవరకూ ఎవరూ పోలేదు, కాబట్టి ఏర్పాటు బాగా పనిచేస్తున్నట్టే.) అతను పోచయ్య చేతిలోని ఇనుప రింగులోంచి రెండు చెవులూ ఊడదీసి, ఒకదానికి చీటీ కట్టి పెట్టెలో పడేసి, రెండోది లోపలికి పంపాడు.

లోపల కౌంటరులో కమలాకుమారి అనే అమ్మాయి ఉంది. కస్టమర్ రిలేషన్స్ సీనియర్ ఎగ్జిక్యూటివ్. నా జన్మలో అంత మర్యాదగా మాట్లాడే మనిషిని చూడలేదు. ఆ మర్యాద చూస్తేనే నాకు భయం వేసింది. మెకానిక్ పోయి చెవి తిప్పాడు. కారు లేచింది. పదిసార్లు తిప్పాడు, పదిసార్లూ లేచింది.

"స్టార్ట్ అవుతోంది కదండీ," అంది కమలాకుమారి.

"ఇప్పుడైతుంది మేడం. పొద్దుగాల కాలే," అన్నాడు పోచయ్య.

"పొద్దున కారు మా దగ్గర లేదు కదండీ."

"స్టార్ట్ కాకుంటే మీ కాడికి ఎట్లొస్తది మేడం?"

"అదేనండీ నేను చెప్పేది. స్టార్ట్ కానప్పుడు తీసుకురండి. తప్పకుండా చూస్తాం."

పోచయ్య నా ముఖం చూశాడు. నేను పైకప్పు చూశాను. ఆమె కారు సర్వీసు కార్డు మీద 'ప్రాబ్లమ్ నాట్ అబ్జర్వ్డ్' అనే ముద్ర కొట్టి నవ్వుతూ ఇచ్చింది. ఆ ముద్ర అరిగిపోయి, సగం అక్షరాలు కనిపించడం లేదు. బయటికి వచ్చేటప్పుడు సెక్యూరిటీ మనిషి రెండో చెవి తిరిగి ఇచ్చాడు. పోచయ్య రెంటినీ జాగ్రత్తగా ఒకే రింగుకు ఎక్కించుకున్నాడు.

అలా ఎందుకు ఎక్కించుకుంటాడో ఇక్కడ చెప్పాలి. ఆ ఇంట్లో తాళంచెవుల పెత్తనం తల్లి మల్లమ్మది. ఆమె నడుముకు ఎప్పుడూ గుత్తి ఉంటుంది. వడ్ల అర్ర చెవి, పెట్టె చెవి, దర్వాజ చెవి, అన్నీ అందులోనే. కారు కొన్నరోజు షోరూం వాళ్లు రెండు చెవులిస్తే, ఆమె రెంటినీ ఒక రింగుకు వేసి గుత్తికి తగిలించుకుంది. ప్రతి పొద్దునా అయిదింటికి ఆ రింగు విప్పి కొడుకు చేతిలో పెడుతుంది. జోడు చెవులను విడదీయకూడదని ఆమె పట్టుదల. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మామా, ఆయన తమ్ముడూ వేరుపడ్డారట. అప్పుడు మొట్టమొదట విడదీసింది ఇంటి తాళపు రెండు చెవులనే. ఆ తర్వాత ఆ అన్నదమ్ములు చచ్చేదాకా మాట్లాడుకోలేదు.

"జోడు చెవులు ఇడదీస్తే ఇల్లు రెండైతది బిడ్డా," అంటుంది మల్లమ్మ. ఆ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు.

తర్వాతి వారం ఆదివారం, సెలవు పూట, కారు మళ్లీ మొండికేసింది. పోచయ్యకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "ఇయ్యాల దొరికింది సారూ, జల్దీ రా!" అని ఫోన్ చేశాడు. స్టీరింగు పట్టుకున్న పోచయ్య తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకుండా, చెవిని మళ్లీ తిప్పకుండా, యాదన్న ట్రాక్టరుకు గొలుసు కట్టి, హైవే మీద మెల్లగా లాక్కుని పోయాం. దారిలో గుంత వచ్చినప్పుడల్లా పోచయ్య "మెల్లగ పోనీయన్నా, బాగైపోతదేమో" అని అరుస్తూనే ఉన్నాడు. కారు బాగుపడుతుందేమోనని భయపడిన యజమానిని నేను అదే మొదటిసారి చూశాను.

గేటు దగ్గర కొత్త నిబంధన ఎదురైంది. నడిచే వాహనం గేటులోంచి నడిచే రావాలి. నడవని వాహనం రావాలంటే ఫిర్యాదు నంబరు ఉండాలి. లోపాన్ని లోపల చూశాకనే ఫిర్యాదు నంబరు ఇస్తారు. నేను అప్పటికప్పుడు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కాగితం పెట్టి 'కావున తాము దయతలచి' అని ఒక దరఖాస్తు రాశాను. గంట తర్వాత దయతలచారు. సెక్యూరిటీ మనిషి రింగు తీసుకుని, రెండో చెవిని ఊడదీసి పెట్టెలో వేసి, మొదటి చెవితో తానే కూర్చుని తిప్పాడు.

కారు లేచింది.

"అభినందనలండీ," అంది కమలాకుమారి, ముద్ర తీస్తూ.

ఆ రోజు తిరుగుదారిలో పోచయ్య కారు నడుపుతూ, వెనక యాదన్న ఖాళీ గొలుసుతో ట్రాక్టరు నడుపుతూ వచ్చారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

నాకు పౌరుషం వచ్చింది. ఇది మెకానిక్ పని కాదు, నా పనే అని అర్థమైంది. మళ్లీ కారు మొరాయించిన పొద్దున (ఆ రోజు ఆఫీసర్లకు సెలవు, అది పోచయ్య అదృష్టం) నేను ఇంద్రేశం పోయి పంచనామా రాశాను. 'మేము దిగువ సంతకందారులము, నేటి ఉదయము అయిదు గంటల పది నిమిషములకు పై వాహనమును ఏడు పర్యాయములు తిప్పగా, ఏడు పర్యాయములును అది లేవనందున, లేవలేదని మా మనఃసాక్షిగా చెప్పుచున్నాము.' అయిదుగురు పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. రెండు వేలిముద్రలు కూడా పడ్డాయి. హత్య కేసుకు కూడా ఇంతకంటే గట్టి పంచనామా అక్కరలేదు.

మూడు వారాలకు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. సాక్షులకు మోటారు పరిజ్ఞానం ఉన్నట్టు ఆధారం లేనందున పంచనామాను అంగీకరించలేకపోతున్నామనీ, అయినా కస్టమరు సంతృప్తే తమ ధ్యేయం కాబట్టి అడపాదడపా లోపాల పరిశీలనాధికారిని స్వయంగా పంపుతున్నామనీ రాశారు. తేదీ, వేళ వాళ్లే నిర్ణయించారు. పొద్దున అయిదింటికి. లోపం వచ్చే వేళ అదే కదా అని.

అధికారి ఇద్దరు సహాయకులతో వచ్చాడు. ఆ పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. మంచి మనిషే. చెప్పులు బయట విప్పి, మల్లమ్మ ఇచ్చిన చాయ తాగాడు. తర్వాత ఫైలు విప్పి, నిబంధన ప్రకారం మొదట రెండో తాళంచెవిని స్వాధీనం చేసుకున్నాడు. పరిశీలన జరుగుతుండగా బయటివాళ్లు బొత్తాలు నొక్కకుండా దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, లక్క కరిగించి ముద్ర వేశాడు. రింగుకు ఉన్న మొదటి చెవిని తిప్పాడు.

కారు లేచింది. 'ఒకటి' అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆపి, మళ్లీ తిప్పాడు. 'రెండు' అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఫారంలో నలభై ఒక్క గడులున్నాయి.

పద్నాలుగో గడి దగ్గర పోచయ్య చేతులు జోడించాడు. "సారూ, జెర ఇడ్వండ్రి. ఏడింటికి ఆఫీసర్లను గేటు కాడ దింపాలె. గీ ఒక్కపారి లేటైతే నా బతుకు పోతది."

"పరిశీలన మధ్యలో ఆపితే చెల్లదు పోచయ్యగారూ. మీ మేలు కోసమే కదా చేస్తున్నాం."

"కారు మంచిగనే ఉన్నదని రాసుకోండ్రి సారూ. నేను సంతకం పెడత. ఇగ నన్ను పోనీయండ్రి."

"అలా అబద్ధం రాయడానికి వీల్లేదండీ," అన్నాడు అధికారి. ఆయన బాధపడ్డాడు కూడా.

నలభై ఒకటో గడి నిండేసరికి ఏడున్నర దాటింది. పోచయ్య అరుగు మీద కూలబడి తలపట్టుకున్నాడు. ఫోన్ మోగింది, అతను ఎత్తలేదు. ఏం చెప్తాడు? అంతకు ముందు రెండుసార్లు కారు స్టార్ట్ కాక ఆలస్యమైంది. మూడోసారి అది నలభై ఒక్కసార్లు స్టార్ట్ అయినందుకు ఆలస్యమైంది. ఆ కారణాన్ని ఏ ఫ్యాక్టరీ నమ్ముతుంది? నా జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు దయతలచమని అనకుండా, "ఏమయ్యా, నీకు ఇంట్లో పెండ్లాం పిల్లలు లేరా?" అని అడిగాను. ఉన్నారని ఆయన వినయంగా చెప్పాడు.

నివేదిక చివర ఒక వాక్యం ఉంది. 'వాహనంలో లోపం లేదు. కస్టమరు ఉదయం వేళల్లో తొందరపడుతున్నట్టు గమనించడమైనది.' సంచి తిరిగి ఇచ్చేశారు. వాళ్లు పోయాక మల్లమ్మ ఆ లక్క ముద్రను రోకలిబండతో పగలగొట్టి, చెవిని బయటికి తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ జోడుకు చేర్చింది.

ఫ్యాక్టరీలో రవాణా చూసే మేనేజరు చెడ్డవాడు కాదు. "కాంట్రాక్టు రద్దు చేయను పోచయ్యా, పెండింగ్‌లో పెడతా. కారు రిపేరు అయిందని సర్వీస్ సెంటర్ లెటర్ పదిహేను రోజుల్లో తెచ్చుకో. అందాక వేరే కారు పెట్టుకుంటాం," అన్నాడు. ఆ పదిహేను రోజుల్లోనే అసలు సంగతి బయటపడింది.

దర్వాజ తాళంచెవి అరిగిపోయిందని పోచయ్య పటాన్‌చెరు బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చునే చిన్నరాములు దగ్గరికి పోయాడు. చెవులు కోసి ఇవ్వడం చిన్నరాములు పని. తల్లి దగ్గర అడిగి తెచ్చిన గుత్తి చేతికివ్వగానే అతను దర్వాజ చెవిని పక్కకు నెట్టి, కారు చెవులు చూసి నవ్వాడు.

"ఏందన్నా, రెండు చిప్పుల చెవులు ఒక్క రింగుల ఏస్తివి? బండి మొండికేస్తలేదా?"

పోచయ్య గొడుగు కిందికి వంగి అతని ముందు కూర్చున్నాడు.

"ఫ్యాక్టరీ గేటు కాడ హాజరీ కార్డు సూపిస్తరు గద," అన్నాడు చిన్నరాములు, ఆకురాయితో దర్వాజ చెవిని రాస్తూనే. "రెండు కార్డులు అంటిచ్చి పెడితే మిషన్ ఏది సదువాల్నో తెల్వక ఎర్రలైటు కొడతది. గిది గూడ గంతే. రెండోది దగ్గరికి ఏలాడినప్పుడు లేవది, జెర దూరం జరిగితే లేస్తది. ఇడదీయి, అయిపాయె."

రోడ్డు పక్కనే పరీక్ష చేశారు. రెండు చెవులూ తలకాయలు ఆనించి పెట్టి తిప్పితే ఎర్రబొమ్మ. ఒకదాన్ని జేబులో వేసి తిప్పితే ఇంజను. పదిసార్లు, ఇరవైసార్లు. గేటు దగ్గర ఇన్నిసార్లు ఎందుకు లేచిందో, లక్క ముద్ర వేసిన పొద్దున ఎందుకు లేచిందో పోచయ్యకు ఒక్కసారిగా అర్థమైంది. నడిరోడ్డు మీద చిన్నరాములును కౌగిలించుకున్నాడు. చిన్నరాములు దర్వాజ చెవికి మాత్రమే పైసలు తీసుకున్నాడు, మిగతాది మాటేనన్నాడు.

అసలు కష్టం ఇంట్లో ఉందని పోచయ్య భయపడ్డాడు. నన్ను వెంట రమ్మన్నాడు. మల్లమ్మ అంతా విని చాలాసేపు గుత్తిని అటూ ఇటూ తిప్పింది. తర్వాత రింగు విప్పి, ఒక చెవిని కొడుకు చేతిలో పెట్టి, రెండోది తన కొంగున ముడేసుకుంది.

"నీ తాన ఒకటి, నా తాన ఒకటి. ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటిమి, ఒక్క కుండలనే తింటిమి. ఇల్లు ఎట్ల రెండైతది? బండి నడ్వాలె బిడ్డా, ముందు గది సూడు," అంది.

కోర్టులకు ఏళ్లు పట్టే తీర్పు ఆమె చాయ చల్లారేలోగా ఇచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. కారు వరసగా తొమ్మిది రోజులు ఒక్క తిప్పుకే లేచింది. ఇక లెటరు ఒక్కటే మిగిలింది. పోచయ్య కొత్త చొక్కా వేసుకుని, గేటు దగ్గర రెండు చెవులూ ఇవ్వాలి కాబట్టి తల్లి కొంగులోని చెవి కూడా అడిగి తీసుకుని, నాతో సర్వీస్ సెంటర్‌కు వచ్చాడు.

"రిపేరు ఎవరు చేశారండీ?" అని అడిగింది కమలాకుమారి.

"చిన్నరాములు మేడం."

"మా అధీకృత డీలరా అండీ?"

"బస్టాండ్ కాడ గొడుగు కింద కూసుంటడు."

ఆమె బాధగా తల ఊపింది. రిపేరు అయిందని రాయాలంటే ముందు లోపం ఉండాలి. లోపం ఉందని రాయాలంటే వాళ్లు చూడాలి. ఇంతవరకూ రెండు కార్డుల మీదా, ఒక నివేదికలోనూ లోపం లేదని ఉంది. లేని లోపాన్ని బాగుచేశామని కంపెనీ అబద్ధం చెప్పదు.

"అయితే సూపిస్త మేడం! ఇప్పుడే సూపిస్త!" అన్నాడు పోచయ్య.

అక్కడే నేనొక తప్పు చేశాను. రెండో చెవిని ఇనుప పెట్టెలోంచి అయిదు నిమిషాలు బయటికి ఇప్పించమని నేనే దరఖాస్తు రాశాను. చక్కటి దరఖాస్తు. మేనేజరు సంతకం పెట్టాడు. సెక్యూరిటీ మనిషి చెవిని పళ్లెంలో పెట్టుకుని తెచ్చాడు. మెకానిక్‌లు, కౌంటరు వాళ్లు, చాయ పోసేవాడు, అందరూ కారు చుట్టూ చేరారు. పోచయ్య రెండు చెవులనూ దగ్గరగా పట్టి తిప్పాడు. ఎర్రటి బొమ్మ మిణుకుమంది. ఇంజను లేవలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. కమలాకుమారి లోపలికి పోయి 'అబ్జర్వ్డ్' ముద్ర తెచ్చింది. దానికి షాపులో చుట్టిన కాగితం ఇంకా అలాగే ఉంది. ఆమె కాగితం చింపి, ఊది, కార్డు మీద గట్టిగా కొట్టింది. పోచయ్య ఆ కార్డును రెండు చేతులతో పట్టుకుని నా వైపు తిరిగాడు. భూమి అమ్మినప్పటి నుంచి అతని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"కారు ఇక్కడ వదిలి వెళ్లండి సర్," అంది కమలాకుమారి.

లోపం నమోదైన కారును అది మళ్లీ రాదని రుజువయ్యేదాకా బయటికి పంపడానికి వీల్లేదట. తొంభై రోజుల పరిశీలన. రోజూ పొద్దున పదింటికి కారు స్టార్ట్ చేస్తారు. కస్టమరు దగ్గరుండి చూసి, 'స్టార్ట్ అయింది' అని రాసి సంతకం పెట్టాలి. కస్టమరు ఒక్కరోజు రాకపోయినా, వేళ దాటి వచ్చినా, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. తొంభై ఒకటో రోజున రిపేరు లెటరు ఇస్తారు.

"లెటర్ ఆరు రోజులల్ల కావాలె మేడం. తప్పైంది, నా కంప్లైంట్ నాకు వాపస్ ఇయ్యండ్రి. కారు మంచిగనే ఉన్నది, నా కారు నేను తీస్కపోత," అన్నాడు పోచయ్య.

"కారు మీదేనండీ," అంది కమలాకుమారి ఎంతో మర్యాదగా. "లోపం మాత్రం ఇప్పుడు కంపెనీది."

దీని మీద నేను పద్దెనిమిది దరఖాస్తులు రాశాను. అన్నిటికీ అందినట్టు రసీదులు వచ్చాయి. ఫ్యాక్టరీ గడువు ఆరో రోజున అయిపోయింది, పోచయ్య కారు చోట పెట్టిన వేరే కారును వాళ్లు ఖాయం చేసుకున్నారు.

పోచయ్య రోజూ పోతున్నాడు. కారు రోజూ ఒక్క తిప్పుకే లేస్తుంది, అతను రాసి సంతకం పెట్టి వస్తాడు. నలభై మూడో రోజున ముత్తంగి దగ్గర లారీ అడ్డం తిరిగి బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. మర్నాడు లెక్క ఒకటి నుంచి మొదలైంది. అప్పటి నుంచి అతను బస్సును నమ్మడం మానేసి, పదింటికల్లా సర్వీస్ సెంటర్‌కు చేరడానికి ఒక కారును కిరాయికి మాట్లాడుకున్నాడు. అది ఏడింటికి ఆఫీసర్లను ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపాక ఖాళీగానే ఉంటుంది.